బంద్ రోజులు ఎవరి మీద

జగిత్యాలలో మా విద్యుత్ శాఖ డివిజన్ ఆఫీసులో పనిచేస్తున్న రోజుల్లో, ఒక పెద్ద లైను కాంట్రాక్టు ఎట్లా ఇవ్వాలో తేల్చే ముగ్గురిలో నేనొకదాన్ని. మిగతా ఇద్దరిలో ఒకరు మా డివిజన్ ఇంజినీరు. ఆయన్ని అందరం పెద్ద సారు అనేవాళ్లం. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఇంకొకరు మీటింగు ఉన్నప్పుడు మాత్రమే హైదరాబాద్ నుంచి వచ్చే అధికారి. జగిత్యాల దగ్గర నుంచి కొడిమ్యాల మీదుగా సిరిసిల్ల దాకా కొత్త హైటెన్షన్ లైను వెయ్యాలి. దాని చివర ఒక సబ్‌స్టేషన్ కట్టాలి. అంతవరకూ నేను చేసినవన్నీ చిన్న పనులు. ఇంత పెద్దదాని మీద నా మాట చెల్లడం అదే మొదలు.

నాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే మరమగ్గాలు. మా వాడలో సాంచాల చప్పుడు మామూలు సంగతి, చప్పుడు ఆగితేనే మనుషులు తలెత్తి చూసేవారు. కరెంటు పోయిందంటే బాపు సాంచ పక్కనే గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. లేచి ఎటూ పోయేవాడు కాదు. ఎప్పుడొస్తుందో తెలియదు కదా. నేను ఇంజినీరునయ్యాక ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఆయన ఒకటే అడిగేవాడు.

"గంత పెద్ద నౌకరి చేస్తున్నవు. గీ కరెంటు సంగతి ఏంది బిడ్డా?"

అందుకని ఆ లైను తొందరగా రావాలన్న ఆరాటం నాకు మిగతా ఇద్దరికంటే ఎక్కువ ఉండేది. కాంట్రాక్టు ఇవ్వడానికి మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి పాత పద్ధతి. ఇనుము, తీగ శాఖే కొంటుంది. గుంతలు తవ్వేవాళ్లకు ఒక కాంట్రాక్టు, టవర్లు నిలబెట్టేవాళ్లకు ఒకటి, తీగ లాగేవాళ్లకు మరొకటి. ఎంత పని జరిగితే అంతకు కొలత. రాయి పడినా, వాన పడినా నష్టం శాఖదే. రెండోది, మొత్తం ఒకే కంపెనీ చేతిలో పెట్టడం. ఒక ధర, ఒక గడువు. మధ్యలో ఏమొచ్చినా వాళ్లే పడాలి. ఆలస్యమైతే జరిమానా.

పెద్ద సారుకు పాత పద్ధతే ఇష్టం. "మెల్లగైతదమ్మా, గని ఏ పని ఎక్కడ ఆగిందో మనకు ఎరుకైతది. పనిచేసేటోడు మన కండ్ల ముందల ఉంటడు" అన్నాడు.

"పాత పద్ధతిల ఏసిన లైను ఎన్నేండ్లు పట్టింది సార్?" అని అడిగాను. "గుంతలోడు ఇనుము రాలేదన్నడు, ఇనుపోడు గుంత కాలేదన్నడు. ఒక్క కంపెనీకిస్తే అడిగేటందుకు ఒక్క మనిషుంటడు."

హైదరాబాద్ అధికారి నా వైపే మొగ్గాడు. పెద్ద సారు కాసేపు ఫైలు తిరగేసి, సరే రాయమన్నాడు. షరతుల ముసాయిదా నా చేతికొచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. వారంలో ఏ రోజు రోడ్లు నడుస్తాయో, ఏ రోజు నడవవో చెప్పలేం. జగిత్యాల చౌరస్తాలో నిరసనగా వంటావార్పు జరిగితే మా ఆఫీసు నుంచి కూడా మనుషులు పోయి కూరగాయలు తరిగేవారు. నేనూ తరిగాను. మధ్యాహ్నం తిరిగొచ్చి, ఉల్లిగడ్డ వాసన పోని చేతులతోనే ముసాయిదా ముందు కూర్చున్నాను.

ప్రతి కాంట్రాక్టులోనూ అనుకోని ఆపదల గురించి ఒక షరతు ఉంటుంది. వరద, భూకంపం, యుద్ధం లాంటివి వస్తే ఆ రోజులు గడువులోంచి తీసేస్తారు, జరిమానా ఉండదు. అందులో బంద్‌లు చేరతాయా, చేరవా? పాత కాగితాల్లో స్పష్టంగా లేదు. నేను స్పష్టంగా రాశాను. బంద్‌లు, రాస్తారోకోలు, సమ్మెలు ఈ ప్రాంతంలో అందరికీ ముందే తెలిసినవి కాబట్టి అవి అనుకోని ఆపదలు కావు, ఆ రోజుల నష్టం కాంట్రాక్టరుదే అని. ఇంగ్లీషులో ఒక్క వాక్యం. రాసి రెండుసార్లు చదువుకున్నాను. ఎక్కడా సందు లేదు. నాకు సంతోషంగా కూడా అనిపించింది.

టెండర్లు తెరిచాక, తక్కువ ధర రాసిన కంపెనీని చర్చలకు పిలిచాం. వాళ్ల తరఫున వచ్చినాయన యాభై దాటిన మనిషి. చక్కెర లేని చాయ అడిగాడు, గొంతు పెంచకుండా మాట్లాడాడు. సిరిసిల్ల వైపు రాతినేల గురించి కొంత బేరం నడిచింది, టవర్ల ఇనుము ఎప్పుడు పరీక్షకు పెట్టాలన్నదాని మీద కొంత నడిచింది. చివరికి ఆ వాక్యం దగ్గరికి వచ్చాడు.

"ఇదొక్కటి మార్చండి మేడం. బంద్ రోజుల్ని గడువులోంచి తీసెయ్యండి."

"బంద్ అంటే ఇక్కడ తెల్వనోళ్లెవరు సార్? వానకాలంల వాన పడుతదని తెలిసినట్టే ఇదీ తెలుసు. తెలిసిన దాన్ని అనుకోనిదని ఎట్ల రాస్తం?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బంద్‌లు చేసేది మీరు. ఆ రోజులకు జరిమానా వేసేదీ మీరేనా మేడం?"

హైదరాబాద్ అధికారి నవ్వాడు. "రోడ్డు మీదున్నప్పుడు వేరు సార్. గీ కుర్సీల ఉన్నప్పుడు వేరు" అన్నాను.

ఆయన ఇంకా వాదిస్తాడనుకున్నాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "సరే, ఉండనివ్వండి" అన్నాడు. ఆ సాయంత్రానికి అన్ని పేజీల మీదా సంతకాలయ్యాయి. బయటికొచ్చాక పెద్ద సారు స్కూటరు తాళం చెవి వెతుక్కుంటూ, "గంత జల్ది ఒప్పుకున్నడంటే, ఆ బరువు ఆయన మొయ్యడన్నట్టమ్మా" అన్నాడు. నేను గెలిచానన్న ఊపులో ఉన్నాను. ఆ మాట వినిపించుకోలేదు.

పని మొదలయ్యాక తనిఖీకి కొడిమ్యాల వైపు వెళ్లినప్పుడు మేస్త్రీని మొదటిసారి చూశాను. కంపెనీ టవర్ల పునాదుల పనిని చిన్న చిన్న ముక్కలు చేసి కింది మేస్త్రీలకు ఇచ్చింది. ఈయనది కోరుట్ల. ఇంట్లో ఉర్దూ, బయట మన తెలుగు. చాలా ఏళ్లు మస్కట్‌లో ఇదే పని చేసి, ఇక చాలనుకుని తిరిగొచ్చి, ఇరవై మందితో ఒక జట్టు కట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి గుంతలో దిగి, టవరు కాళ్లకు పెట్టే ఇనుప కోణాల్ని మూలనుంచి మూలకు టేపుతో కొలుస్తున్నాడు. ఒక మూల అర అంగుళం తేడా వచ్చింది. మా కొలతల్లో అంత తేడా చెల్లుతుంది. ఆయన మాత్రం మొత్తం విప్పించి మళ్లీ పెట్టించాడు.

"గింత తేడాకు ఏం కాదు కదా" అన్నాను.

"కింద అరంగుళమైతే పైన జానెడైతది మేడం. పైకెక్కి బోల్టు బిగించేటోనికి తెలుస్తది నన్ను తిట్టాల్నా, వద్దా అని."

ఆ రోజు నుంచి ఆ లైను మీద ఎక్కడికి వెళ్లినా ఆయన గుంతల దగ్గర కాసేపు ఆగేదాన్ని. రెండు నెలలకు నేను ఆయన్ని చాచా అని పిలవడం, ఆయన నన్ను బిడ్డా అనడం అలవాటైపోయింది.

ఒక శుక్రవారం, నమాజ్ అయ్యాక ఇంటికి రమ్మని ఫోను చేశాడు. కోరుట్లలో ఇరుకు గల్లీలో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య, చాచీ, చాయ తెచ్చి, నా పక్కన బిస్కెట్ల పళ్లెం పెట్టి లోపలికి పోయింది. ఆయన కంపెనీ పంపిన కాగితాలు నా ముందు పెట్టాడు. అంతవరకూ నోటిమాట మీదే పని నడిచిందట. ఇప్పుడు సంతకం పెట్టమంటున్నారు.

"అంత ఇంగ్లీషే ఉంది. నమ్మేటోళ్లతోని చదివించుకోవాలె గద. జర చదివి చెప్పు బిడ్డా."

మొదటి రెండు పేజీలు చదివి చెప్పాను. మూడో పేజీలో నా వాక్యం కనిపించింది. ఒక్క అక్షరం మారలేదు. కాంట్రాక్టరు అన్నచోట ఉప కాంట్రాక్టరు అని ఉంది, అంతే. మా మీటింగు గదిలో ఆ పెద్దమనిషి మీద నేను పెట్టిన షరతు, ఆయన చేతిలో ఒక్కరోజు కూడా ఆగకుండా ఇక్కడికొచ్చి, బిస్కెట్ల పళ్లెం పక్కన పడి ఉంది.

నేను చదవడం ఆపడం చూసి, "ఏముంది?" అన్నాడు.

"బంద్ దినాలు నీ మీదనే అంటున్నరు చాచా. బంద్ అయి పని ఆగినా గడువు ఆగది. గడువు దాటితే కట్ చేస్తరు. లేకుంటే పని గుంజుకుంటరు."

"బంద్ నేను చేస్తున్ననా?"

ఆయన కాగితం తన వైపు తిప్పుకుని, చదవలేని ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు. "గిది ఎవరు రాసిండ్రో గని, ఇనుపగుండెనే ఉంటది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. చెప్పాల్సిన సమయం అదే. నేను రాశాను చాచా అంటే సరిపోయేది. చాయ తాగాను. మార్చమని కంపెనీని అడుగు అన్నాను. అడిగితే వేరేవాళ్లకిస్తారని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇరవై మంది పనిలో ఉన్నారు. నేను చూస్తుండగానే సంతకం పెట్టాడు. పేరు ఉర్దూలో, నెమ్మదిగా, కుడి నుంచి ఎడమకు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న సమయంలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు ఆగింది. మా ఆఫీసులో నాలాంటివాళ్లం చాలామందిమి తహసీల్ ఆఫీసు దగ్గర టెంటులో కూర్చున్నాం. నా మనసులో ఏ సందేహమూ లేదు. ఇన్నాళ్లు అడిగింది ఈసారి వస్తుందనే నమ్మాను. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగి సిరిసిల్లలో సాంచాలు రోజులో సగం ఆగిపోతున్నాయని ఇంటి నుంచి ఫోనొచ్చింది. బాపు మాత్రం, "కానీయి బిడ్డా, మనకోసమే గద" అన్నాడు. ఆయన గోడకానుకుని కూర్చున్నట్టు ఆ గొంతులోనే తెలిసింది.

రెండో వారంలో మేస్త్రీ మోటారు సైకిలు మీద టెంటు దగ్గరికొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. నన్ను పక్కకు పిలిచాడు.

"మూడు దినాల సంది వాన. సిమెంటు లారీ కరీంనగర్ల ఆగిపాయె. తవ్విన గుంతలన్ని నీళ్లతోని నిండి అంచులు కూలుతున్నయి. సమ్మె వల్ల పని ఆగిందని నువ్వొక కాగితం రాసి సంతకం పెట్టియ్యి. కంపెనీకి చూపెట్టుకుంట."

"సమ్మెల ఉన్న చాచా. ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టొద్దు. అయినంక తప్పక ఇస్త."

"నాకూ తెలంగాణ కావాలె బిడ్డా. గని నా దినాలు ఆగుతలెవ్వు గద."

ఆయన వెంటనే వెళ్లిపోలేదు. టెంటులో వెనక వరసలో కూర్చున్నాడు. పాటలు పాడుతుంటే విన్నాడు, ఎవరో అందించిన చాయ తాగాడు. అందరితోపాటు పిడికిలెత్తి జై తెలంగాణ అన్నాడు. తర్వాత కొడిమ్యాల వైపు వెళ్లిపోయాడు. ఆ రోజు నేనొక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసిస్తే సమ్మెకు ఏం నష్టం జరిగేదో ఇప్పటికీ చెప్పలేను.

సమ్మె నలభై రోజులు దాటాక ఆగింది. అనుకున్నది రాలేదు. తలలు దించుకుని ఆఫీసుల్లోకి వెళ్లాం. మొదటి వారంలోనే కంపెనీ నుంచి అర్జీ వచ్చింది. ఇంత పెద్ద సమ్మె మామూలు బంద్ కాదు, ప్రత్యేక సందర్భంగా చూసి గడువు పెంచాలని. పైనుంచి కూడా అనుకూలంగా రాయమని మాట వచ్చింది. నోట్ నేనే రాశాను. మనస్ఫూర్తిగా రాశాను. నా వాక్యం వల్ల జరిగే అన్యాయం ఇట్లా కొంత సర్దుకుంటుందనుకున్నాను. గడువు పెంచారు. జరిమానా మాఫీ అయింది. మా సమ్మె రోజుల్ని కూడా సెలవు కింద సర్దారు.

ఆ మంజూరు కాగితం సంచిలో పెట్టుకుని, చాచాకు నేనే చెప్పాలని కొడిమ్యాల వెళ్లాను. ఆయన గుంతల దగ్గర వేరే జట్టు ఉంది. పంపుతో నీళ్లు తోడుతున్నారు. కంపెనీ సైటు మేనేజరు నీడలో నిలబడి ఉన్నాడు.

"ఆయన్ని తీసేశాం మేడం. గడువు దాటింది. పైగా గుంతలో బురద ఉండగా కాంక్రీటు పొయ్యనని మొండికేశాడు."

"పొయ్యొద్దు కదా! సమ్మె దినాలు మాఫీ చేసినం కదా మీకు?"

"మాకు చేశారు మేడం. ఆయన అగ్రిమెంటులో మాఫీ అనే మాట లేదు."

జగిత్యాల తిరిగొచ్చి నేరుగా పెద్ద సారు గదిలోకి వెళ్లాను. కంపెనీని అడుగుదాం సార్, ఉత్తరం రాద్దాం అన్నాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు.

"మన కాంట్రాక్టు కంపెనీతోనేనమ్మా. వాళ్ల కింద ఎవడున్నడో, వానికి ఏమైందో కాగితం ప్రకారం మనకు తెల్వది. అడిగేటందుకు ఒక్క మనిషే ఉండాలని మనమే గద కోరుకున్నది."

దెప్పడానికి అనలేదు. ఆయన గొంతులో అలసటే ఉంది. అయినా నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. నేను చేయగలిగింది ఒక్కటే చేశాను. బురద గుంతల్లో కాంక్రీటు పొయ్యడానికి వీల్లేదని రాతపూర్వకంగా ఆపించాను. కొత్త జట్టు అడుగు దాకా శుభ్రం చేసి పోసింది. దానికి మరో నెల పట్టింది. ఆ నెలను పెంచిన గడువు మింగేసింది, ఎవరికీ ఏమీ కాలేదు. చాచాకు కావలసింది కూడా ఆ నెలే.

ఆయన మళ్లీ మస్కట్ వెళ్లిపోతున్నాడని తెలిసి కోరుట్ల వెళ్లాను. కాంక్రీటు మిక్సరు, పంపులు అప్పటికే అమ్మేశాడు. జట్టులో కొందరు మెట్‌పల్లి మార్కెట్లో హమాలీలుగా చేరారట. చాచీ సూట్‌కేసులో బట్టలు సర్దుతోంది. యాభై రెండేళ్ల మనిషి, ఇక చాలనుకుని వచ్చిన చోటికే మళ్లీ పోతున్నాడు. నన్ను చూసి కుర్చీ జరిపాడు.

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఒక్కసారే చెప్పేశాను. "చాచా, ఆ కాగితంల బంద్ దినాల మాట నేనే రాసిన. కంపెనీ కోసం రాసిన. వాళ్లు అదే నీకు పెట్టిండ్రు."

ఆయన చాచీ వైపు చూశాడు. ఆమె మడత పెడుతున్న చొక్కా ఆపింది.

"ఆ దినం చదివేటప్పుడు ఎరుకేనా నీకు?"

"ఎరుకే."

"మరి చెప్పకపోతివి."

"చెప్తే సంతకం పెట్టకపోతుంటివా?"

కొంచెం ఆలోచించాడు. "పెడుతుంటి. పని కావాలె గద. గని పని కోసమే పెడుతుంటి, నీ మొఖం సూసి గాదు."

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధైంది. తర్వాత బాపు ఆరోగ్యం అడిగాడు, సిరిసిల్ల సబ్‌స్టేషన్ ఎంతదాకా వచ్చిందని అడిగాడు. చాచీ లేచి లోపలికి పోలేదు. ఆ రోజు చాయ రాలేదు. గల్లీ చివరి దాకా ఎప్పుడూ సాగనంపే మనిషి, గడప దగ్గరే ఆగిపోయాడు.

లైను ఆ తర్వాతి ఏడాది పూర్తయింది. సిరిసిల్లలో కోతలు తగ్గాయి. బాపు మాత్రం ఆ మంచి రోజుల్లో ఎక్కువ కాలం సాంచ నడపలేదు. నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై పని మానాల్సి వచ్చింది. కరెంటు ఆగకపోవడం చూసి, "మంచిగైంది బిడ్డా" అన్నాడు. నేను ఆయనకు చాచా సంగతి ఏనాడూ చెప్పలేదు. రాష్ట్రం వచ్చిన రోజు జగిత్యాలలో రంగులు చల్లుకున్నాం. నా మీదా చల్లారు. ఆనందించాను, అబద్ధం చెప్పను. కానీ జై తెలంగాణ అని పక్కనెవరో పిడికిలెత్తినప్పుడు, మోకాళ్ల దాకా బురదతో టెంటు వెనక వరసలో కూర్చున్న మనిషి గుర్తొచ్చి, అక్కణ్నుంచి త్వరగా వచ్చేశాను.

తర్వాత నా చేతికొచ్చిన టెండరులో ఒక కొత్త షరతు చేర్చాను. పై కంపెనీకి ఎన్ని రోజులు మాఫీ అయితే, దాని కింద పనిచేసే వాళ్లందరికీ అన్ని రోజులూ మాఫీ కావాలని. హైదరాబాద్ నుంచి దాని మీద అడ్డగీత పడి వచ్చింది. శాఖకు సంబంధం లేని విషయం అని పక్కన రాశారు. ఆపై టెండరులో మళ్లీ పెట్టాను, మళ్లీ కొట్టేశారు. మూడోసారి ఎందుకో ఉండిపోయింది. ఆ పనిలో ఒకసారి సైటుకు వెళ్లి, మీ కింద ఉప కాంట్రాక్టర్లు ఎవరెవరని కంపెనీ మేనేజరును అడిగాను. ఎవరూ లేరు మేడం, అందరూ మా మనుషులే అన్నాడు. గుంతలో దిగి ఉన్న మేస్త్రీ ఒకడు తల పైకెత్తి మా ఇద్దర్నీ చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

చాచీని ఒకసారి కోరుట్ల బస్టాండులో చూశాను. నేనే ముందు పలకరించాను. చాచా ఎట్లున్నడని అడిగాను.

"ఉన్నడు. ఇంకో రెండేండ్లకు కాగితం రాసిండ్రట. అక్కడ గూడ గుంతల పనే" అంది.

నా గురించి ఎప్పుడైనా అడుగుతాడా అని అడగబోయి మానుకున్నాను. మెట్‌పల్లి బస్సొచ్చింది. ఆమె కొంగు సర్దుకుని, పోయొస్త అని కూడా అనకుండా ఎక్కింది. నేను జగిత్యాల బస్సు కోసం ఇంకా అరగంట అక్కడే నిలబడ్డాను.